చిల్డ్రన్ ఆఫ్ మెన్: సినిమా మేలా, నవల మేలా?

ఈ సినిమా మాటొచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు, ముందు సినిమా చూడాలా నవల చదవాలా, రెండిట్లో ఏది బాగుంటుంది అని. పోయిన నెలలో నవల పూర్తి చేసి ఆ వారంలోనే సినిమా ఇంకోసారి చూశా, అందుకే ఇప్పుడు అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నా. ముగింపు దాకా మాట్లాడతా కాబట్టి చూడనివాళ్ళు చూసొచ్చాక చదవండి.

పీడీ జేమ్స్ నవల 1992లో వచ్చింది, అల్ఫోన్సో క్వారోన్ సినిమా 2006లో. పిల్లలు పుట్టడం ఆగిపోయిన ఇంగ్లండ్, థియో అనే పేరు, ఇంకో రెండు మూడు పేర్లు తప్పితే మిగతాదంతా వేరే కథే అనుకోండి. నవల్లో థియో ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చెప్పే మేష్టారు, దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న వార్డెన్ ఆయనకి కజిన్. సినిమాలో థియో ఆఫీసుకి మందు కొట్టి వెళ్ళే మామూలు గుమస్తా. నవల్లో కడుపుతో ఉండేది జూలియన్, సినిమాలో ఆ జూలియన్ సగం కాకుండానే చచ్చిపోతుంది, కడుపుతో ఉండేది కీ అనే ఆఫ్రికన్ అమ్మాయి. నవల్లో లోపం మగవాళ్ళది, సినిమాలో ఆడవాళ్ళది. పుట్టేది కూడా నవల్లో బాబు, సినిమాలో పాప.

సినిమా చూసి పెదవి విరిచేవాళ్ళు ఎక్కువగా అనే మాట, అసలు పిల్లలు ఎందుకు పుట్టట్లేదో చెప్పలేదు కదా అని. దానికోసం నవల కొనుక్కోకండి, అందులోనూ చెప్పలేదు. కానీ అలాంటి ప్రపంచంలో జనం రోజూ ఎలా బతుకుతారో తెలుసుకోవాలంటే మాత్రం నవలే మేలు, ఇందులో నాకు అనుమానం లేదు. బొమ్మల్ని ప్రామ్‌లో పడుకోబెట్టి వీధుల్లో తిప్పే ఆడవాళ్ళు, పిల్లి కూనలకి బాప్తిస్మం చేయించేవాళ్ళు, 1995లో పుట్టిన ఆఖరి తరం, వాళ్ళని అందరూ నెత్తిన పెట్టుకుని పెంచితే ఎంత కర్కశంగా తయారయ్యారో, ఇవన్నీ నవల్లోనే ఉన్నాయి. క్వైటస్ సంగతే చూడండి. సినిమాలో అది ఇంట్లో తీసుకుని చచ్చిపోయే మందు, టీవీలో యాడ్ వస్తుంది. నవల్లో ముసలివాళ్ళకి తెల్ల గౌన్లు తొడిగి పడవలెక్కించి సముద్రంలో ముంచేస్తారు, ఒక ముసలావిడ తప్పించుకోబోతే కొడతారు, అది థియో కళ్ళారా చూస్తాడు. ఆ పేజీలు చదివాక ఆ రాత్రి ఇంక పుస్తకం తెరవలేకపోయా.

అయినా నా ఓటు సినిమాకే.

ఎందుకంటే పిల్లలు లేకపోవడం అనేది నాకు చెవికి తెలిసే విషయం. పండక్కి వచ్చిన పిల్లలు తిరిగి ఊరెళ్ళిపోయాక ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, ఆ చప్పుడు లేకపోవడమే. నవల దాన్ని వర్ణిస్తుంది, సినిమా దాన్ని గంటన్నర పాటు మన చెవుల్లో పెట్టి ఉంచుతుంది. పాడుబడిన స్కూల్లో మిరియం అనే మంత్రసాని గుర్తుచేసుకునే సీన్ ఉంటుంది, వరసగా గర్భాలు పోవడం మొదలై, చివరికి అపాయింట్‌మెంట్ల పుస్తకంలో రాబోయే నెలల పేజీ చూస్తే ఒక్క పేరు కూడా లేదంటుంది. అక్కడినుంచి ఆఖర్లో బెక్స్‌హిల్ అనే శరణార్థుల శిబిరంలో మెట్ల దాకా మనం దేనికోసం ఎదురుచూస్తున్నామో మనకే తెలీదు.

మొన్న నేను చూస్తుంటే మా అమ్మ పక్కన కూర్చుని పొద్దుటికి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆవిడకి ఇంగ్లీష్ రాదు, తుపాకుల మోతకి విసుక్కుని ఆ గోల తగ్గించరా అంటోంది. ఇంతలో పాప ఏడ్చింది. బిల్డింగ్‌లో కాల్పులు ఆగిపోయి, సైనికులు పక్కకి తప్పుకుంటుంటే, మెట్ల మీద జనం పాపని ముట్టుకోడానికి చేతులు చాస్తుంటే, అమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. తర్వాత పడవలో థియో కీకి పాపని ఎలా పట్టుకోవాలో, వీపు ఎలా తట్టాలో చూపిస్తాడు చూడండి, అక్కడ అమ్మ అంది, "వీడికి బిడ్డ పుట్టి పోయినట్టుంది రా" అని. ఫ్లూలో పోయిన థియో కొడుకు డిలన్ సంగతి నేను ఆవిడకి చెప్పలేదు, డైలాగ్ ఒక్కటీ ఆవిడకి అర్థం కాలేదు. నవలని ఇలా పక్కన కూర్చుని పంచుకోలేం, నాకు తేడా అంతా అక్కడే.

కెమెరా గురించి మెచ్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఎమ్మాన్యుయెల్ లుబెజ్కీ లాంగ్ టేక్స్, కారు మీద దాడి, లెన్స్ మీద పడ్డ రక్తం, అన్నీ నిజమే, నేను కొత్తగా కలిపేదేం లేదు.

ఇదే కోవలో హ్యాండ్‌మెయిడ్స్ టేల్ కూడా అడుగుతున్నారు. మార్గరెట్ ఆట్‌వుడ్ నవల 1985ది, సిరీస్ 2017లో మొదలైంది. బాగుంటుంది, కానీ అక్కడ పిల్లలు తగ్గిపోయారు, పూర్తిగా ఆగిపోలేదు, అసలు బాధ ఆడవాళ్ళ మీద పెత్తనం గురించి. ఆ ప్రశ్న వేరు, దీంతో పోల్చను.

ముగింపు మీద జనం రెండు ముక్కలైపోయారు. పడవలో థియో తల వాలిపోయింది, వచ్చే ఓడ ఎవరిదో ఏమో, ఆశ లేదు అని కొందరు, టుమారో అని ఓడ మీద పేరే ఉంది కదా అని కొందరు. నేను రెండోవాళ్ళ పక్షం. స్క్రీన్ నల్లబడి సినిమా పేరు పడగానే పిల్లలు నవ్వుతూ ఆడుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది, చాలామంది అప్పటికే లేచిపోయి ఉంటారు. కాబట్టి ముందు సినిమా చూడండి, నవల తర్వాత. చూసేది ఫోన్‌లో అయితే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, యాప్‌లో క్రెడిట్స్ రాగానే ఇంకో సినిమా దానంతటదే మొదలయ్యే ఆప్షన్ ఉంటే ముందే ఆపేసుకోండి.