‘చెప్తాండాడు’ని ‘చెప్తున్నాడు’ చెయ్యని సాఫ్ట్‌వేర్: ఈలాన్ సమీక్ష

చిత్తూరు వైపు బడిలో ఏడో తరగతి పిల్ల, టీచరు అడిగితే ‘వాడు చెప్తున్నాడు మేడమ్’ అంటుంది. పక్కనున్న స్నేహితురాలి వైపు తిరిగి ‘వాడే చెప్తాండాడు’ అంటుంది. రెండు మాటల మధ్య మూడు సెకన్లు కూడా ఉండవు. భాషాబోధనలో అస్తిత్వం మీద, అంటే మాట్లాడేవాళ్లు తమని తాము ఎవరుగా చూసుకుంటారన్నదాని మీద పనిచేసేవాళ్లకు కావలసిన సరుకంతా ఆ మూడు సెకన్లలోనే ఉంది. ఎవరి ముందు ఏ తెలుగు వస్తుంది, ఇంగ్లీషులోకి ఎప్పుడు దాటుతుంది, ఎక్కడ నోరు కట్టుబడుతుంది అన్నదే కదా చూడాల్సింది.

ఈ రికార్డుని ఫోన్లలోని వాయిస్ టైపింగ్‌కి వినిపిస్తే తరచూ రెండు చోట్లా ‘చెప్తున్నాడు’ అనే రాసిపెడుతుంది. ‘యాడ’ని ‘ఎక్కడ’ చేస్తుంది. ‘ఉండాది’ని ‘ఉంది’ చేస్తుంది. ఉత్తరం టైపు చేసుకునేవాళ్లకి అది సాయమే. పిల్లల మాట మీద థీసిస్ రాసేవాళ్లకి మాత్రం పరిశోధన మొదలుకాకముందే సరుకు గల్లంతయినట్టు. మాండలికాన్ని విన్నది విన్నట్టు రాసుకునే అలవాటు తిరుపతికి కొత్త కాదు. ఎస్వీ యూనివర్సిటీలో కొంతకాలం పాఠం చెప్పిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలోనే వ్యవసాయ మాండలిక పదకోశం 1962లో వచ్చింది. ఆ పద్ధతికి కంప్యూటర్లో సరిపడే పనిముట్టు ఏదంటే, ఇప్పటికి ఈలాన్ (ELAN) అనే సాఫ్ట్‌వేర్.

నెదర్లాండ్స్‌లోని నైమేగన్ ఊళ్లో ఉన్న మాక్స్ ప్లాంక్ సైకోలింగ్విస్టిక్స్ సంస్థ దీన్ని తయారుచేసి ఉచితంగా ఇస్తోంది. విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఆడియో లేదా వీడియో పైన, దానికింద గీతల్లాగా వరసలు. ఒక్కో వరసని టైర్ అంటారు. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఆ టైరు మీద గుర్తుపెట్టి, అందులో రాసుకుంటాం. తనంతట తాను ఏదీ దిద్దదు. దీని అసలు విలువ అక్కడే ఉంది.

మన పనికి నాలుగు టైర్లు చాలు. మొదటిది ‘మాట’, నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు. మనిషికొకటి ఉండాలి. రెండోది ‘ప్రామాణిక రూపం’, మాటకి అనుబంధంగా. మూడోది ‘భాష’, నాలుగోది ‘ఎవరితో’. చివరి రెండింటికీ కంట్రోల్డ్ వొకాబులరీ కట్టాలి, అంటే ముందే రాసిపెట్టిన జాబితా నుంచే ఎంచుకోవాలి. భాషకి ‘ఇంటి తెలుగు, బడి తెలుగు, తమిళం, ఇంగ్లీషు’. ఎవరితో అన్నదానికి ‘టీచరు, తోటిపిల్లలు, పరిశోధకులు’. ఈ జాబితాలో ‘అస్తిత్వం’ అనో ‘ఇన్వెస్ట్‌మెంట్’ (ఏదో దక్కుతుందని భాష మీద పెట్టే శ్రమ) అనో కోడ్, అంటే గుర్తు, పెట్టడం చాలామంది చేసే తప్పు. భాష నేర్చుకునేవాళ్ల ‘ఇన్వెస్ట్‌మెంట్’ గురించి భాషాబోధన పరిశోధకురాలు బోనీ నార్టన్ 1995లో చెప్పిన మాట విశ్లేషణలో రావాలి. టైరులో చెవికి వినపడింది, కంటికి కనపడింది మాత్రమే ఉండాలి. లేదంటే ఇద్దరు కోడ్ చేసినప్పుడు ఇద్దరివీ కలవవు.

బొక్కబోర్లా పడేది టైర్ టైప్ దగ్గర, అంటే అనుబంధ టైరు ‘మాట’ టైరుకి ఎలా ముడిపడాలో ఎంచుకునే చోట. ‘సింబాలిక్ అసోసియేషన్’ ఎంచుకుంటే ఒక మాటకి ఒకే విలువ. ప్రామాణిక రూపానికి అది సరిగ్గా సరిపోతుంది. కానీ ‘హోంవర్క్ కంప్లీట్ చేసుండా మేడమ్, నోట్సు ఇంట్లో ఉండాది’ లాంటి వాక్యానికి భాష ఒక్కటే ఎలా పెడతాం? భాష టైరుకి ‘సింబాలిక్ సబ్‌డివిజన్’ పెడితే ఒకే మాటని ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కకి ఒక్కో విలువ ఇవ్వొచ్చు. టైరు నిండాక ఈ టైప్ మార్చడం కుదరదు, కొత్త టైరు వేసి కాపీ చేసుకోవాల్సి వస్తుంది. అందుకే ఒక్క రికార్డు మీద పది నిమిషాలు పూర్తిగా చేసిచూసి, సరిపోయిందనుకున్నాకే దాన్ని టెంప్లేటుగా సేవ్ చేసి మిగతా వాటికి వాడాలి.

రాయడానికి మామూలు అన్నొటేషన్ మోడ్‌లో కూర్చుంటే విసుగొస్తుంది. ముందు సెగ్మెంటేషన్ మోడ్‌లో వింటూ ఎంటర్ కొడుతూ మాటల హద్దులు పెట్టెయ్యాలి. తర్వాత ట్రాన్స్‌క్రిప్షన్ మోడ్‌కి వెళ్తే ట్యాబ్ నొక్కితే ముక్క మోగుతుంది, ఎంటర్ నొక్కితే కింది ముక్కకి పోతుంది. చెయ్యి మౌసు మీదికి పోనక్కర్లేదు. అలవాటైన చేతికి కూడా గోల ఉన్న తరగతి గది రికార్డు గంటసేపుదైతే ఐదారు గంటలకి తక్కువ పట్టదు.

తెలుగుతో వచ్చే చిక్కులు వేరు. ఫాంట్ సరిగా లేకపోతే వత్తులు విడిపోయి కనిపిస్తాయి. టైరు ఫాంటుగా నోటో సాన్స్ తెలుగు గానీ నిర్మలా యూఐ గానీ పెట్టుకోవాలి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన పాఠం ఇక్కడ పనికిరాదు, అది యూనికోడ్ కాదు కాబట్టి వెతికితే దొరకదు. మరొకటి కంటికి కనపడని చిక్కు. ‘క్లాస్‌లో’ అని రాసేటప్పుడు పొల్లు నిలబెట్టడానికి కొన్ని కీబోర్డులు మధ్యలో కనపడని అక్షరం ఒకటి పెడతాయి. అది ఉన్నమాట, లేనిమాట వెతుకులాటకి రెండు వేరు మాటలు. అలాగే ‘చెప్తాండాడు’ని ఇంకొకరు ‘చెప్తా వుండాడు’ అని రాస్తే లెక్క తప్పుతుంది. రాసేవాళ్లంతా ఒకే కీబోర్డు, ఒకే స్పెల్లింగ్ కాగితం పెట్టుకోవాలి. ఆ జాగ్రత్త ఉంటే అన్ని ఫైళ్లలో కలిపి ‘మాట’ టైరులో ‘తాండా’, ‘ఎవరితో’ టైరులో ‘టీచరు’ అనో ‘తోటిపిల్లలు’ అనో జతచేసి వెతికితే చాలు, టీచరుతో ఎన్నిసార్లు, తోటిపిల్లలతో ఎన్నిసార్లు అన్నది క్షణంలో తేలుతుంది. ఈ పనికి దీనంత చక్కగా వెతికే పనిముట్టు ఉచితంగా దొరకడం అదృష్టమే.

ఆడియో వేవ్ (.wav) ఫైలుగానే ఉండాలి. కొన్ని రకాల ఎంపీత్రీల్లో కాలం లెక్క జారిపోయి, గీత ఒకచోట మాట ఒకచోట అవుతాయి. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనోలో గంటకి 320 ఎంబీ దాకా పడుతుంది. ఫ్యాను కింద బల్ల మీద ఫోన్ పెట్టి తీసిన రికార్డుని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచెయ్యలేదు, పిల్లలకి జానెడు దూరంలో మైకు ఉండాలి.

లోపాలు లేకపోలేదు. మెనూలు తెలుగులో లేవు, మొదటి రెండు రోజులు తల తిరుగుతుంది. ఆడియో ఈలాన్ ఫైలు లోపల ఉండదు, రెండూ ఒకే ఫోల్డర్లో పెట్టకుండా పెన్ డ్రైవులో ఒకటే తీసుకెళ్తే అక్కడ మాటలుంటాయి గానీ గొంతుండదు. ఇద్దరు ఒకే ఫైలు మీద ఒకేసారి పనిచేసే వీలు లేదు. ఆటోమేటిక్ బ్యాకప్ 5 నిమిషాలకి పెట్టుకోవడం మరవద్దు, కరెంటు మనల్ని అడిగి పోదు. బయటికి తీసిన టెక్స్ట్ ఫైలుని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే తెలుగంతా పిచ్చిగీతలవుతుంది. డేటా మెనూ నుంచి తెచ్చుకుని యూటీఎఫ్-8 ఎంచుకోవాలి.

పిల్లల పేర్ల సంగతి ఈలాన్ చూసుకోదు. టైర్లలో ‘ప1, ప2’ అని రాసినా, ఆడియోలో ‘ఏమే’ అని పిలిచాక పేరు వినపడుతూనే ఉంటుంది. తల్లిదండ్రుల సంతకం తీసుకున్నా ఆ పేర్లు తీసెయ్యాల్సిందే. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్లో పేరున్న ముక్కని ఎంచుకుని కంట్రోల్-ఎల్ నొక్కితే అక్కడ నిశ్శబ్దం పడుతుంది, నిడివి మారదు. కట్ కొడితే మాత్రం ఆ తర్వాతి మాటలన్నీ ముందుకు జరిగి, పెట్టుకున్న హద్దులన్నీ తప్పిపోతాయి.