ఒక్క కార్యక్రమానికి ఎంతమంది యాంకర్లు కావాలి?

దూరదర్శన్ కేంద్రం ఉన్న రామంతాపూర్‌లోనే కాపురముంటూ, ఒకే ఛానల్ వచ్చిన రోజుల నుంచి నేటి వరకు తెలుగు టెలివిజన్‌ను దాదాపు ప్రతి సాయంత్రం చూస్తున్న ప్రేక్షకుడిగా నా తీర్పు ముందే చెప్పేస్తాను: మన కార్యక్రమాలలో చాలావాటికి యాంకర్లు అవసరానికి మించి ఉన్నారు. ఎవరి పని ఏమిటో తేల్చకుండానే ఇద్దరినో ముగ్గురినో నిలబెట్టడం దీనికి మూలమని నాకు అనిపిస్తుంది.

వార్తలనే తీసుకుందాం. 1983 నవంబరు 14న హైదరాబాదు దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారి వంటివారు ఒక్కరే కూర్చుని నింపాదిగా చదివేవారు. వార్తకూ వార్తకూ మధ్య వారు ఆగే ఆ కాస్త విరామమే విషయం మారిందనడానికి గుర్తు. ఇప్పుడు ముఖ్యాంశాల వేళ ఇద్దరు పక్కపక్కన నిలబడి, ఒకరు సగం వాక్యం చదివితే మిగతా సగాన్ని రెండోవారు అందుకుంటున్నారు. ‘మూసీకి వరద పోటెత్తడంతో’ అని ఒక గొంతు, ‘లోతట్టు ప్రాంతాల వారిని అధికారులు ఖాళీ చేయించారు’ అని ఇంకో గొంతు. చూపు మందగించి వార్తలను వినడమే తప్ప చూడలేని మా అమ్మ, గొంతు మారిన ప్రతిసారీ వార్తే మారిందనుకుని, ‘ఇందాకటిది ఏమైందిరా?’ అని అడుగుతుంది. ఆమెకు జవాబు చెప్పేలోగా మూడో వార్త వచ్చేస్తుంది.

ఒక్కరు చాలు అనడానికి నాకు గుర్తొచ్చే గట్టి సాక్ష్యం 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’. అతిథులుగా ఎవరు వచ్చినా పగ్గాలు బాలసుబ్రహ్మణ్యం గారి చేతిలోనే ఉండేవి. పాడిన పిల్లను ముందు మెచ్చుకుని, చరణంలో పట్టు ఎక్కడ జారిందో తానే పాడి చూపించి, ఆ పాట కట్టిన సంగీత దర్శకుడి గురించి ఒక ముచ్చట చెప్పి, ఆ ముచ్చట మీదుగానే తరువాతి గాయకుడిని వేదిక మీదికి పిలిచేవారు. ‘ఇప్పుడు సార్ ఏమంటారో విందాం’ అని మధ్యలో చెప్పే మనిషితో అక్కడ పని పడలేదు. 2020లో ఆయన కన్నుమూసిన తరువాత నిర్వహణ ఆయన కుమారుడు చరణ్ గారికి, తీర్పు చెప్పే బాధ్యత విడిగా న్యాయనిర్ణేతలకు వెళ్ళింది. మనుషులు పెరిగినా పనులు వేరు కనుక గందరగోళం లేదు. ఆ పాత ముచ్చట్లు తగ్గాయన్నది మాత్రం నా సొంత బెంగ.

ఇద్దరు ఉండి తీరవలసిన చోట్లు కూడా ఉన్నాయి. వీ6లో బిత్తిరి సత్తి, సావిత్రి కలిసి నడిపిన తీన్మార్ వార్తలలో ఒకరు అమాయకంగా అడ్డదిడ్డపు ప్రశ్న వేయడం, మరొకరు తెలంగాణ యాసలో తిప్పికొట్టడం లోనుంచే వార్త బయటికి వచ్చేది. ఏ ఒక్కరిని తీసేసినా మిగిలేది ఉపన్యాసమే.

గణేశ్ నిమజ్జనం నాటి ప్రత్యక్ష ప్రసారానికి ఇద్దరు కూడా చాలరు. బాలాపూర్‌లో బయలుదేరిన ఊరేగింపు చార్మినార్, మోజంజాహీ మార్కెట్, అబిడ్స్ దాటి హుస్సేన్ సాగర్ చేరేదాకా అన్ని చోట్లా ఒక్కరే ఎలా ఉండగలరు? ఎక్కడి సంగతి అక్కడి వారే చెప్పాలి. కానీ ఒక ఏడాది నేను చూసిన ఛానల్ బాలాపూర్ లడ్డూ వేలాన్నే చెడగొట్టింది. 1994లో 450 రూపాయలతో మొదలై ఇప్పుడు లక్షలు పలికే ఆ వేలంలో అసలు రక్తి అంతా వేదిక మీద మైకులో ‘ఒకటోసారి... రెండోసారి’ అనే గొంతులోనూ, కింద నుంచి వచ్చే పై పాటలోనూ ఉంటుంది. స్టూడియోలోని ఇద్దరు యాంకర్లు, అక్కడి ప్రతినిధి ముగ్గురూ ఒకేసారి ‘ఉత్కంఠగా సాగుతోంది’ అని చెప్పడంలో ఆ ఉత్కంఠ మాకు వినపడకుండా పోయింది. పాట ఎంతకు ఖాయమైందో తెర అడుగున వచ్చిన అక్షరాలు చదివి తెలుసుకున్నాము.

పండుగలకు వచ్చే ప్రత్యేక కార్యక్రమాలదీ ఇదే జబ్బు. ఒక యాంకర్ ఇంకో యాంకర్‌ను పిలవడం, ఆమె నృత్యం చేస్తూ రావడం, చీర మీద ఒక జోకు, అలక, బుజ్జగింపు. ఇంత తతంగం ముగిసేసరికి మొదటి విరామం వస్తుంది. అప్పటిదాకా వచ్చిన అతిథి నోరు విప్పడు. ఒక్కొక్కరికి ఉన్న అభిమానుల కోసం, ప్రోమోలో చూపడానికి నాలుగు చమక్కుల కోసం ఈ గుంపును పోగుచేస్తున్నారని నా అనుమానం. సుమ గారి వంటి ఒక్కరు మైకు పట్టుకుంటే, బిగుసుకుపోయిన అతిథి చేత కూడా రెండు నిమిషాల్లో మాట్లాడించగలగడం మనం ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాము.

ఐపీఎల్ తెలుగు వ్యాఖ్యానం గురించి కూడా ఒక మాట. బంతి బంతికీ ఆట చెప్పేవారు ఒకరు, ఆడిన అనుభవంతో ఎందుకలా జరిగిందో విప్పి చెప్పే మాజీ క్రీడాకారుడు ఒకరు ఉంటే జోడీ చక్కగా కుదురుతుంది. సినిమా ప్రచారానికి వచ్చిన కథానాయకుడిని మూడో కుర్చీలో కూర్చోబెట్టిన ఓవర్లలో మాత్రం వికెట్ పడినా ఆ విషయం చెప్పే నాథుడు ఉండడు. అతిథులను ఇన్నింగ్స్ మధ్య విరామంలోనే మాట్లాడిస్తే మాకూ, సినిమా వారికీ ఇబ్బంది ఉండదు.