మ్యాప్‌లో మ్యాపా, జత కీనా, ఉత్త లిస్టా: ఏది మేలు?

కర్నూలు మార్కెట్ యార్డులో మా మామది ఉల్లిగడ్డల కమీషన్ కొట్టు. లాట్ల లెక్కకు జావాలో ఒక ప్రోగ్రామ్ రాసిచ్చాను. అందులో మ్యాప్‌లో మ్యాప్ పెట్టాను (మ్యాప్ అంటే కీ ఇస్తే దాని కింది విలువ తీసిచ్చే పట్టిక): బయట మ్యాప్‌కు కీ సరుకు వచ్చిన ఊరు, లోపలి మ్యాప్‌కు కీ కొన్నవాళ్ల పేరు, దాని కింద బరువుల లిస్ట్. ఆ మ్యాప్ టైపును ప్రకటించే చోట చివర కోణపు బ్రాకెట్లు మూడు (>>>) వరసగా నిలబడ్డాయి.

వారం తిరక్కుండానే మామ ఫోన్. "ఏం అల్లుడూ, కోడుమూరు ఊరంతా మన కాడ ఎర్రగడ్డలు కొనిందా?"

ఒకచోట ఊరినీ కొన్నవాళ్లనూ తారుమారుగా ఇచ్చాను. రెండూ స్ట్రింగే (ఉత్త అక్షరాల టైపు) కాబట్టి ఇలాంటి తప్పులు పట్టాల్సిన కంపైలర్ నోరు మెదపలేదు.

వెంటనే జత కీకి మారాను: ఊరు, కొన్నవాళ్లు కలిపి ఒక రికార్డ్ (కొన్ని విలువలను ఒక్కటిగా కట్టే జావా టైపు), మ్యాప్ ఒక్కటే. రికార్డులు 2021లో జావా 16తో స్థిరపడ్డాయి. రెండు కీలు ఒకటేనా అని చూసే ఈక్వల్స్, మ్యాప్‌లో కీని వెతకడానికి వాడే హ్యాష్‌కోడ్ మనం రాయక్కర్లేదు, కీగా బాగా పనికొస్తాయి. లోపలి మ్యాప్ ఉందో లేదో చూసుకునే గోల కూడా పోయింది. కానీ ఆ రికార్డ్‌లోనూ రెండు స్ట్రింగులే పెడితే మళ్లీ అదే తప్పు చేయొచ్చు. ఊరికి ఒక టైపు, కొన్నవాళ్లకు ఒక టైపు విడిగా చేశాకే తారుమారైన లైన్ల కింద ఎర్రగీత పడింది. ఆ టైపులు పెడితే పాత మ్యాప్‌లో మ్యాప్ కూడా విలువలు పెట్టేటప్పుడు అంతే భద్రం (తీసుకునే గెట్ మాత్రం ఏ టైపు కీ ఇచ్చినా ఒప్పుకుంటుంది). అంటే తప్పు గూడులో గూడు పెట్టడానిది కాదు, అన్నిటికీ స్ట్రింగ్ వాడిన నాది.

మరి ఏది ఉంచాలి? కోడుమూరు సరుకు ఎంత పోయిందంటే మ్యాప్‌లో మ్యాప్ ఒక్క గెట్‌తో చెబుతుంది, జత కీ అయితే కీలన్నీ వెతకాలి. కానీ సాయంత్రం మామ అడిగేది అది కాదు, ఎవరు ఎంత బాకీ అని. దానికి రెండూ అడ్డం తిరుగుతాయి. పైగా బాకీకి క్వింటాల్ ధర కావాలి, నా లిస్ట్‌లో ఉన్నది బరువొక్కటే.

అందుకే నా ఓటు మూడోదానికి. ఊరు, కొన్నవాళ్లు, బరువు, ధర ఉన్న లాట్ రికార్డుల మామూలు లిస్ట్. ఏ ప్రశ్నకు ఆ గ్రూపింగ్‌బై (లిస్ట్‌ను కావలసినదాన్ని బట్టి గుంపులు చేసే జావా మెథడ్). ఒక కొట్టు లెక్కకు లిస్ట్ మొత్తం తిరిగినా కంప్యూటర్‌కు భారం కాదు. లాట్లు లక్షల్లో ఉంటే మళ్లీ ఆలోచించేవాణ్ణి. ఆ మూడు బ్రాకెట్ల టైపు ఇప్పుడు రిపోర్ట్ మెథడ్‌లో తాత్కాలికంగా పుట్టి పోతుంది. అక్కడ కూడా టైపు పేరుకు బదులు వార్ అని రాసి కళ్లపడకుండా చేశాను.