టైరు కొలత పక్కనున్న ఆ రెండంకెలు

కొలత, ధర, కంపెనీ గురించి టైర్ల దుకాణాల వాళ్లు గంటసేపు చెబుతారు. కొలత పక్కనుండి, టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే 88 లాంటి అంకె గురించి మాత్రం తిరుపతిలో నేను తిరిగిన ఏ దుకాణంలోనూ అడగకుండా ఒక్క మాట చెప్పలేదు. నాకు కోపమంతా అక్కడే.

మాది ఏడుగురు పట్టే బండి. డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద 185/65 ఆర్15 88హెచ్ అని ఉంది. 88 అంటే, సరైన గాలి ఉన్నప్పుడు ఒక్కో టైరు 560 కిలోల దాకా మోస్తుంది. ఒక దుకాణదారు 185/60 ఆర్15 84 చూపించి, "అదే రిమ్ముకు పడుతుంది సార్, ధరా తక్కువే" అన్నాడు. 84 అంటే 500 కిలోలే. నేను ఒప్పుకోకుండా 88 వేయించాను. అలాంటి బండే ఉన్న మా తమ్ముడికి మాత్రం అదే దుకాణంలో 84 అంటగట్టారు.

మామిడి కాలంలో దామలచెరువు నుంచి బేనీషా పెట్టెలు వెనక సర్దుకుని, ఇంటిల్లిపాదీ ఎక్కి పాకాల మీదుగా వస్తున్నాడు. బరువును నాలుగు టైర్లూ సమానంగా పంచుకోవు, అలా నింపితే ఎక్కువ భాగం వెనకవాటి మీదే పడుతుంది. పైగా మే నెల ఎండ. బండి ఒక పక్కకు ఊగుతోందని పంక్చరు షాపు దగ్గర ఆపాడు. వెనక ఎడమ టైరు పక్కగోడ మీద కోడిగుడ్డంత ఉబ్బు! షాపతను వేలితో నొక్కి చూపించాడట, లోపలి దారాలు తెగి అక్కడ పైరబ్బరే మిగిలింది. గుంత దెబ్బకు ఏ టైరైనా ఉబ్బవచ్చు, నిజమే. కానీ మోయగలిగినదానికి మించి బరువు పడిన టైరు వంగి వంగి వేడెక్కి ఉంటుంది, ఆ దెబ్బను ఓర్చుకోలేదు. "అన్నా, కొలత సరిపోయింది కదా అనుకున్నాను" అన్నాడు. అలా అనుకునేలా చేసింది అమ్మినవాడే.

నా 88లు రెండేళ్లుగా బాగున్నాయి. నిండు బండితో తిరుమల ఘాట్ దిగేటప్పుడు మలుపుల్లో నిలకడగా ఉంటాయి. అయితే గాలి తగ్గిన వారం వాటిలోనూ ఊగుడు కనిపించింది. గాలి లేకపోతే ఆ 560 లెక్కే చెల్లదు. నిండు బరువుకు ఎంత గాలి పెట్టాలో మా స్టిక్కరు మీద విడిగా ఉంది, ప్రయాణానికి ముందు అంత పెట్టిస్తున్నాను.

ఇద్దరే ఊళ్లో తిరిగే చిన్న కారుకు ఇంత పట్టింపు అక్కరలేదేమో. అక్కడైనా స్టిక్కరు మీది అంకెకు తగ్గకూడదనే అంటాను. ఈసారి 630 కిలోలు మోసే 92 ఎక్స్‌ట్రా లోడ్ వేయించాలని ఉంది కానీ, వాటికి గాలి ఎక్కువ కావాలి, ఖాళీ బండికి కుదుపులూ పెరగవచ్చు. మా బండి ఎక్కువ రోజులు ఖాళీగానే తిరుగుతుంది కాబట్టి ఇంకా తేల్చుకోలేదు.