పెట్ స్కాన్ సెంటర్‌కి మార్కులు ఎక్కడ వేయాలి?

ఏ సెంటర్ ప్రకటన చూసినా ముందు కనిపించేది మెషీన్ ఫొటో. మెషీన్ మంచిదైతే మంచిదే, కాదనలేం. కానీ పెట్-సీటీ (నరంలోకి రేడియోధార్మిక మందు ఎక్కించి, అది ఒంట్లో ఎక్కడ పేరుకుందో సీటీ చిత్రంతో కలిపి చూపే స్కాన్) బాగా వస్తుందా, పాడవుతుందా అన్నది చాలావరకు పేషెంట్ ఆ బల్ల మీద పడుకోకముందే తేలిపోతుంది. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ మార్కులు అపాయింట్‌మెంట్ ఇచ్చే ఫోన్‌కాల్‌కి, ఇంజెక్షన్ తర్వాత గడిచే గంటకి.

ఎక్కువగా వాడే మందు ఎఫ్‌డీజీ. గ్లూకోజ్‌లో ఒక చిన్న భాగం తీసేసి, ఆ చోట రేడియోధార్మికత ఉన్న ఫ్లోరిన్-18 పెడతారు. కణం దాన్ని గ్లూకోజే అనుకుని లోపలికి లాక్కుంటుంది. కానీ అరిగించుకోలేదు, బయటికీ పంపలేదు. గ్లూకోజ్ ఆబగా లాగే కణాలు, అంటే చాలా రకాల క్యాన్సర్లు, చిత్రంలో పట్టుబడేది ఇలాగే. మెదడు ఎప్పుడూ గ్లూకోజ్ లాగుతూనే ఉంటుంది. మందు కిడ్నీల గుండా మూత్రాశయంలోకి పోతుంది. కాబట్టి ఫిల్ములో తల, పొత్తికడుపు నల్లగా ఉన్నాయని గుండెలు బాదుకోనక్కర్లేదు.

ఇక ఫోన్‌కాల్. మంచి సెంటర్ అపాయింట్‌మెంట్ ఇచ్చే ముందే ప్రశ్నలు వేస్తుంది. షుగర్ ఉందా, ఏ మందులు వాడుతున్నారు, ఇన్సులిన్ ఉందా? చివరి కీమో ఎప్పుడు, రేడియేషన్ ఎప్పుడు, ఈమధ్య ఆపరేషన్ గానీ టీకా గానీ అయిందా? గర్భం, పసిబిడ్డకు పాలివ్వడం, కిడ్నీ పరీక్ష ఫలితం, ఇరుకు చోట్లంటే భయం... ఇవేవీ అడగకుండా "పరగడుపున వచ్చేయండి" అని ఫోన్ పెట్టేస్తే అక్కడే సగం మార్కులు తీసేయొచ్చు.

ఎందుకంటే పరగడుపు అనే మాటలోనే చాలామంది జారిపోతారు. కనీసం 4 నుంచి 6 గంటలు ఏమీ తినకూడదు. మామూలు నీళ్లు తాగొచ్చు, తాగాలి కూడా. చక్కెర వేయని కాఫీ, టీ కూడా వద్దనే చెప్తారు. చ్యూయింగ్ గమ్, చప్పరించే గొంతు మాత్రలు, దగ్గు సిరప్ తిండి లెక్కలోకి రావని అనుకుంటారు గానీ వాటిలో చక్కెర ఉంటుంది. వార్డులో ఉన్న పేషెంటైతే గ్లూకోజ్ సెలైన్ ఆపారో లేదో చూసుకోవాలి. నోటికి ఏమీ ఇవ్వకుండా నరంలోకి గ్లూకోజ్ ఎక్కిస్తూ స్కాన్‌కి పంపితే అది పరగడుపే కాదు. ముందురోజు బరువులెత్తడం, జిమ్, పరుగు మానాలి. అలసిన కండరాలు మందును తామే తినేస్తాయి.

షుగర్ ఉన్నవాళ్ల విషయం ఇంకాస్త జాగ్రత్త. రక్తంలో షుగర్ 200 మిల్లీగ్రాములు దాటితే చాలా సెంటర్లు స్కాన్ వాయిదా వేస్తాయి. వేయాలి కూడా, మామూలు గ్లూకోజ్ పోటీకి వచ్చి గడ్డలోకి మందును సరిగ్గా పోనివ్వదు. అంకె దించుదామని ఇంజెక్షన్‌కి కాస్త ముందు ఇన్సులిన్ వేసుకుంటే ఇంకో తంటా. ఇన్సులిన్ గ్లూకోజ్‌తో పాటు ఎఫ్‌డీజీని కూడా కండరాల్లోకి తోస్తుంది. చిత్రంలో తొడలు, భుజాలు, వీపు అంతా కనిపించి, చూడాల్సిన గడ్డ మసకబారుతుంది. త్వరగా పనిచేసే ఇన్సులిన్‌కీ ఎఫ్‌డీజీకీ మధ్య కనీసం 4 గంటల ఎడం ఉండాలి. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర పేగుల్లో ఎఫ్‌డీజీ ఎక్కువ పేరుకునేలా చేస్తుంది. పేగులే చూడాల్సి వస్తే 48 గంటల ముందు ఆపమనొచ్చు. ఆ మాట మందు రాసిన డాక్టరు చెప్పాలి, మనంతట మనం ఆపేది కాదు.

సెంటర్‌లో షుగర్ చూశాక కాన్యులా (నరంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టి మందు ఎక్కిస్తారు. జబ్బు ఒక పక్కే ఉంటే సూది రెండో చేతికి పెట్టించుకోవాలి. మందు నరంలోంచి పక్కకి కారితే ఆ చేతి దగ్గర నల్లటి మచ్చ పడుతుంది, ఒక్కోసారి చంకలో లింఫ్ గ్రంథి కూడా జబ్బు లేకుండానే కనిపిస్తుంది, అంకెలన్నీ తప్పుతాయి. సూది దగ్గర మంటగానో ఉబ్బుగానో ఉంటే మొహమాటపడకుండా అప్పుడే చెప్పాలి.

తర్వాత సుమారు 60 నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోబెడతారు. దీన్ని వెయిటింగ్ టైమ్ అనుకోవడం పెద్ద పొరపాటు. స్కాన్‌లో సగం పని ఇక్కడే జరుగుతుంది. మాట్లాడితే స్వరపేటిక కండరాలు, ఏదైనా నములుతుంటే దవడ కండరాలు చిత్రంలో తేలతాయి. చలి వేస్తే మెడ చుట్టూ, కాలర్‌బోన్ పైన ఉండే గోధుమరంగు కొవ్వు వేడి పుట్టించడానికి గ్లూకోజ్ లాగుతుంది. అచ్చం లింఫ్ గ్రంథులున్నచోటే కాబట్టి డాక్టరుకీ తలనొప్పి. గదిలో ఏసీ మోత మోగిస్తూ దుప్పటి అడిగితే విసుక్కునే చోటికి ఎంత ఖరీదైన మెషీన్ ఉన్నా మార్కులు ఇవ్వలేం.

స్కాన్ మాత్రం తేలిక. మూత్రానికి వెళ్లొచ్చి, చేతులు తలపైకి పెట్టి, సాధారణంగా 15 నుంచి 30 నిమిషాలు పడుకోవాలి. భుజం నొప్పి ఉంటే ముందే చెప్తే సరి.

ఆలస్యాల గురించి ఒక మాట. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకీ సగమైపోతుంది, కాబట్టి నిల్వ పెట్టుకునే సరుకు కాదు. ఆరోజుకి తయారుచేసిన మందు బ్యాచ్ దెబ్బతింటే అందరి అపాయింట్‌మెంట్లూ జారతాయి. అందుకు సెంటర్‌ని తప్పుపట్టలేం. కానీ షుగర్ పేషెంట్‌ని పస్తు కూర్చోబెట్టి మధ్యాహ్నం దాకా కబురు చెప్పకపోతే అది పూర్తిగా వాళ్ల తప్పే.

రిపోర్టులో ఎంత మందు ఇచ్చారు, షుగర్ ఎంత, ఇంజెక్షన్‌కీ స్కాన్‌కీ మధ్య ఎన్ని నిమిషాలు, ఏ పాత స్కాన్‌తో పోల్చారు అన్నవి ఉండాలి. ఇవి లేని ఎస్‌యూవీ (ఒక చోట మందు ఎంత పేరుకుందో చెప్పే కొలత) అంకెలకు అంత విలువ లేదు. ఎస్‌యూవీ 2.9 నుంచి 3.3 అయిందని జబ్బు పెరిగినట్టు కాదు. మధ్య సమయం మారినా, మెషీన్ మారినా అంకె అంత కదులుతుంది. తర్వాతి స్కాన్ కూడా అదే మెషీన్ మీద, అదే వ్యవధితో చేయించుకుంటే పోలిక నిలబడుతుంది. కీమో తర్వాత కనీసం 10 రోజులు, వీలైతే రెండు మూడు వారాలు, రేడియేషన్ తర్వాత రెండు మూడు నెలలు ఆగమనేది కూడా అందుకే. తొందరపడితే వాపునే జబ్బుగా చూపిస్తుంది.

అసలు స్కాన్‌కే ఉన్న పరిమితులు వేరు. టీబీ, ఇన్ఫెక్షన్, మానుతున్న గాయం కూడా క్యాన్సర్‌లాగే కనిపిస్తాయి. సెంటీమీటరు లోపు మచ్చలు దొరక్కపోవచ్చు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి చాలాసార్లు ఎఫ్‌డీజీ కాకుండా పీఎస్‌ఎమ్‌ఏ, కొన్ని న్యూరోఎండోక్రైన్ గడ్డలకి (హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టేవి) డోటాటేట్ అనే మందులు వాడతారు. వాటికి పరగడుపు నియమం సాధారణంగా ఉండదు కాబట్టి ఏ మందుతో చేస్తున్నారో బుకింగ్‌లోనే అడగాలి.

ఇంటికెళ్లాక నీళ్లు బాగా తాగి, ఆ కొన్ని గంటలు చంటిపిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోకుండా, గర్భిణులకి దూరంగా ఉంటే చాలు. సెంటర్‌లోంచి కదిలే ముందు మాత్రం ఫిల్ములతో సరిపెట్టుకోకుండా డైకామ్ ఫైళ్లున్న (స్కాన్ అసలు డిజిటల్ చిత్రాలు) సీడీనో లింకో అడిగి తీసుకోండి. రేపు ఇంకో డాక్టరు కొలతలు మళ్లీ తీసుకోవాలంటే ఫిల్ము మీద కుదరదు.