బిడ్డను అందుకోగానే విమానమా, కొన్నాళ్లు హన్మకొండలో కాపురమా?

హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి వెళ్లి డల్లాస్‌లోనో లండన్‌లోనో స్థిరపడి, ఇక్కడి బిడ్డను దత్తత తీసుకుంటున్న దంపతులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. దత్తత ఉత్తర్వు, బిడ్డ పాస్‌పోర్టు, వీసా అన్నీ సిద్ధమయ్యాక ఒక్కసారి వచ్చి, బిడ్డను తీసుకుని వారంలో వెళ్లిపోవడం మేలా? ముందే వచ్చి, కాగితాలు పూర్తయ్యేదాకా బిడ్డతో ఇక్కడే ఉండడం మేలా? మేము రెండోదే ఎంచుకున్నాం కాబట్టి నా మొగ్గు ఎటో మీకు తెలిసిపోతూనే ఉంటుంది. అయినా మొదటి దారిని తీసిపారేయను. అదే సరిపోయేవాళ్లు ఉన్నారు.

హోమ్ స్టడీ (దత్తతకు మీ ఇల్లూ పరిస్థితులూ తగినవేనా అని చూసే విచారణ), దేశంలో దత్తతలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ ‘కారా’ పోర్టల్‌లో నమోదు, బిడ్డ వివరాలు చూసి అంగీకరించడం, ఇవన్నీ దాటినవారికే ఈ మాటలు. నిబంధనలు రెండు దారులకూ వీలిస్తాయి. కారా నుంచి నిరభ్యంతర పత్రం వచ్చాక, ఉత్తర్వు రాకముందే, బిడ్డ ఉంటున్న దత్తత సంస్థకు హామీపత్రం రాసిచ్చి బిడ్డను ఫాస్టర్ కేర్ (తాత్కాలిక సంరక్షణ) కింద మన దగ్గర ఉంచుకోవచ్చు. దేశం మాత్రం దాటించకూడదు. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు కోర్టుకు బదులు జిల్లా కలెక్టర్ ఇస్తున్నారు, దరఖాస్తును రెండు నెలల్లో తేల్చాలన్నది నియమం. ఆ తర్వాత విదేశీ దత్తతలకు సంబంధించిన హేగ్ ఒప్పందం ప్రకారం కారా ఇచ్చే ధ్రువపత్రం, దాని వెనక పాస్‌పోర్టు, వీసా. ఎంత త్వరగా జరిగినా నెలల పనే. ఆ నెలల్లో బిడ్డ శిశుగృహలో ఆయమ్మల దగ్గర ఉండాలా, మీ దగ్గర ఉండాలా అన్నదే మీరు తేల్చుకోవలసింది.

వెంటనే వెళ్లిపోవాలనే వారి వాదనలో బలం లేకపోలేదు. మొట్టమొదటిది సెలవు. బ్రిటన్‌లో విదేశీ దత్తతకు ఇచ్చే సెలవు బిడ్డ ఆ దేశంలో అడుగుపెట్టిన రోజున గానీ, ఆ తర్వాత 28 రోజుల్లోపు గానీ మొదలవుతుంది. అంటే హన్మకొండలో గడిపే ప్రతి వారమూ మీ మామూలు సెలవులోంచో, జీతం లేని సెలవులోంచో పోవలసిందే. అమెరికాలో కుటుంబ సెలవు చట్టం కిందికి వచ్చే ఉద్యోగులకు దత్తత కోసం చేసే విదేశీ ప్రయాణం కూడా లెక్కలోకి వస్తుంది. కానీ ఉన్నది 12 వారాలే, అదీ జీతం లేకుండా. ఇక్కడ వాడుకున్నది అక్కడ ఉండదు. దీనికి తోడు ఓరుగల్లు మే నెల ఎండలు. చల్లని దేశంలో ఏళ్ల తరబడి ఉండి వచ్చినవారు బిడ్డ కన్నా ముందు వాళ్లే వాడిపోతారు.

ఇంకో వాదన నన్ను కొంతకాలం ఆలోచనలో పడేసింది. శిశుగృహ నుంచి హన్మకొండ ఇంటికి, అక్కడి నుంచి డల్లాస్‌కు తీసుకెళ్లడమంటే నారును రెండుసార్లు పీకి నాటడమే కదా, ఒకేసారి సొంత ఇంటికే చేర్చరాదా అని ఒక మిత్రురాలు అడిగింది. వినడానికి సరిగ్గానే ఉంది. అయితే చోటు రెండుసార్లు మారినా మనుషులు మారేది ఒక్కసారే. ఆ వయసు బిడ్డకు ఇల్లంటే మనిషే. విమానం ఎక్కేనాటికి ఎత్తుకున్న చేతులు తెలిసినవైతే, చోటు మారడాన్ని బిడ్డ చాలావరకు తట్టుకోగలదు. నా దృష్టిలో మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

ఏడాదిన్నర పాప సంగతి చూడండి. తనకు తెలిసిన లోకం ఒక హాలు, అందులో వరుసగా మంచాలు, పక్కనే తోటి పిల్లల ఊపిరి, తెల్లవార్లూ వెలిగే చిన్న దీపం, చీర కొంగులు, తెలుగు మాట, బాలామృతం రుచి. వెంటనే బయల్దేరితే ఇవన్నీ కొద్ది రోజుల్లోనే పోతాయి. పైగా డల్లాస్‌కూ మనకూ పదిన్నర, పదకొండున్నర గంటల తేడా ఉంది కాబట్టి రాత్రి కూడా రాత్రిగా మిగలదు. పాప అర్ధరాత్రి లేచి ఏడుస్తుంది. అది దిగులా, ఆకలా, చెవి పోటా, నిద్ర వేళలు తారుమారు కావడమా? చెప్పగలిగేవాళ్లు ఉండరు. అన్నం ముట్టకపోతే రుచి కొత్తదనా, మనసు బాగాలేకనా? ఒకేసారి అన్నీ మారితే ఏది దేనివల్లో విడదీయడం ఎవరితరమూ కాదు, పిల్లల డాక్టరుకైనా సరే.

ఇక్కడ ఆగితే ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు. మనుషులు మారారు, మాట మారలేదు. గది మారింది, తిండి మారలేదు. మొదటి వారాల్లో పాలపొడి కూడా శిశుగృహలో పట్టినదే పట్టండి. ఆయమ్మను తీరిగ్గా కూర్చోబెట్టి అడగండి: ఎలా నిద్రపుచ్చుతారు, వీపు మీద తడతారా, ఊపుతారా, పేరు ఎలా పిలుస్తారు, దేనికి భయపడుతుంది? ఉతకని దుప్పటి ఒకటి అడిగి తెచ్చుకోండి. పదిమంది మధ్య పడుకున్న బిడ్డకు మీరు ముచ్చటపడి సిద్ధం చేసిన నిశ్శబ్దమైన చీకటి గది భయం పుట్టిస్తుంది. మీ మంచం పక్కనే పడుకోబెట్టుకోండి, దీపం వెలగనివ్వండి. సందేహం వస్తే మళ్లీ వెళ్లి ఆయమ్మనే అడగవచ్చు. డల్లాస్ నుంచి అడగడం అంత తేలిక కాదు.

అసలు ఏడవని పిల్లలను కూడా గమనించాలి. అతి బుద్ధిగా ఉండడం, ఎక్కువసేపు నిద్రపోవడం, ముద్దను మింగకుండా బుగ్గన దాచుకోవడం, ఇవీ దిగులు గుర్తులు కావచ్చు. వారం రోజుల హడావుడి ప్రయాణంలో ఇలాంటి బిడ్డను చూసి 'ఎంత మంచి పిల్ల, అసలు ఇబ్బంది పెట్టలేదు' అని మురిసిపోతాం.

ఆరు నెలల లోపు పసికందైతే నేను ఇంత పట్టుపట్టను. కొత్త ముఖాలకు బెదరడం సాధారణంగా ఎనిమిది, తొమ్మిది నెలలప్పుడు గట్టిగా మొదలవుతుంది. అంతకు ముందైతే వెంటనే వెళ్లే దారికే ఓటు వేసినా తప్పులేదు. కానీ కాగితాల పని పట్టే కాలం చూస్తే, విమానం ఎక్కేనాటికి ఆ వయసు దాటని పిల్లలు అరుదు.

ఆగడం మేలని ఇంతసేపూ చెప్పాను గానీ, ఎక్కడ ఆగాలన్నది అంతకన్నా ముఖ్యం. అమ్మానాన్నల ఇంట్లోనో అత్తగారింట్లోనో అనుకుంటే రెండుసార్లు ఆలోచించండి. ఎన్నో ఏళ్లు ఎదురుచూసిన మనవరాలు. పొద్దున లేచింది మొదలు 'ఇటివ్వమ్మా, నేను ఎత్తుకుంటాను' అంటూ అత్తమ్మ, చిన్నమ్మ, మేనత్త, పక్కింటి పెద్దమ్మ. ఒకరు స్నానం, ఒకరు అన్నం, ఒకరు జోల. ప్రేమకేం తక్కువ లేదు. అయితే షిఫ్టు మారగానే చేతులు మారడం ఆ బిడ్డకు శిశుగృహలో అలవాటైనదే. ఇక్కడా అదే జరిగితే అమ్మ ఎవరో ఎప్పుడు తెలుస్తుంది? 'ఎవరి దగ్గరికైనా నవ్వుతూ వెళ్తుంది, ఎంత కలుపుగోలు పిల్లో' అని చుట్టాలు మెచ్చుకుంటే నేను సంతోషించలేదు. తనవాళ్లెవరో ఇంకా తేల్చుకోని బిడ్డే అలా అందరి చేతుల్లోకీ పోతుంది. మిమ్మల్ని వదిలి పోనని గుడ్లనీళ్లు కక్కుకున్న రోజు మిఠాయి పంచండి.

అందుకే సుబేదారిలోనో నయీంనగర్‌లోనో రెండు గదుల పోర్షన్ అద్దెకు తీసుకోవడం నా సలహా. పెద్దవాళ్లు సాయంత్రం వచ్చి ఆడించి వెళ్లేంత దగ్గర, రాత్రి ఉండిపోలేనంత దూరం. తినిపించడం, స్నానం, నిద్రపుచ్చడం, ఏడిస్తే ఓదార్చడం మీ ఇద్దరే చేయాలి. అత్తమ్మను నొప్పించకుండా వంట ఆమెకు అప్పగించండి. వచ్చే పోయే చుట్టాలను ఆపే పని కూడా ఆమెకే ఇస్తే మీకన్నా గట్టిగా చేస్తుంది. తొట్టెల వేడుక, వేములవాడలో కోడె మొక్కు, మేడారంలో నిలువెత్తు బంగారం, ఇవన్నీ వచ్చే ఏడాదికి. దేవుళ్లు ఆగుతారు, చుట్టాలకే తొందర.

పోర్షన్ కుదరక, బంధువుల మధ్యే నెలలు గడపక తప్పదంటే, నిస్సందేహంగా వెంటనే వెళ్లిపోవడమే మేలు.

మనం వరంగల్ వాళ్లమైనంత మాత్రాన వరంగల్ శిశుగృహ బిడ్డే రావాలని లేదు. ఒడిశా నుంచో మహారాష్ట్ర నుంచో వస్తే హన్మకొండ కూడా ఆ బిడ్డకు పరాయి ఊరే, తెలుగు పరాయి మాటే. అప్పుడు సంస్థ ఉన్న ఊళ్లోనే బస చూసుకోండి. ఫాస్టర్ కేర్‌లో ఉండగా ఊరు మారాలంటే సంస్థ అనుమతి గురించి ముందే మాట్లాడుకోవాలి.

భార్యాభర్తల్లో ఒకరు ఆగి, మరొకరు చివర్లో రావడం సెలవులు చాలనివారికి పనికొస్తుంది. వెనక వచ్చినవారికి బిడ్డ చేరువ కావడానికి మరికొంత కాలం పడుతుందని తెలిసి ఒప్పుకోండి. నానమ్మ తాతయ్యల దగ్గర కొన్ని నెలలు వదిలి తర్వాత తీసుకెళ్లడం మాత్రం వద్దు. ఇక 'అన్న బిడ్డను తెచ్చుకుంటే ఈ గొడవలేవీ ఉండవు కదా' అంటారు కొందరు. విదేశాల్లో ఉంటున్నవారికి అదీ కారా గుమ్మం దాటాల్సిన పనే.

అమెరికా వాళ్లకు దత్తత వీసా ఢిల్లీ రాయబార కార్యాలయంలోనే. ఆ ప్రయాణాన్ని విసుక్కోకండి. శంషాబాద్ నుంచి రెండు గంటలకు కాస్త పైబడిన ఆ విమానంలో, పైకి లేచేటప్పుడు సీసా నోటికి అందిస్తే చెవులు ఎలా ఉంటున్నాయో, మీ ఒడిలో ఎంతసేపు కుదురుగా ఉంటుందో తెలిసిపోతుంది. అసలు ప్రయాణం టిక్కెట్లు వీసా ముద్ర పడ్డాకే కొనండి. మీ తిరుగు టిక్కెట్టు ముందే కొని ఉంటే, తేదీ మార్చుకునే రకమే అయి ఉండాలి.