నీటిమొక్కల కోసం రెండు రోజుల ప్రయాణం

రెండు రోజుల్లో నాలుగు చోట్లు చూశాం. ముందు మొదటి దుకాణం చేసిన మోసం చెప్పాలి. అద్దాల తొట్లలో నిగనిగలాడుతున్న 12 మొక్కలు తీసుకుంటే, అందులో 5 నీటిమొక్కలే కావు. లక్కీ బ్యాంబూ రెండు, మోండో గడ్డి రెండు, పీస్ లిల్లీ ఒకటి! వేళ్లు మాత్రమే నీళ్లలో ఉంటే ఇవి హాయిగా బతుకుతాయి. ఆకులు కూడా మునిగితే గాలందక మెల్లగా మొదలు మెత్తబడి కుళ్లుతాయి. ఆ కుళ్లుతో తొట్టిలో అమ్మోనియా పెరిగి చేపల ప్రాణం మీదికి వస్తుంది. పేరు అడిగితే "అన్నీ నీళ్లలో పెరిగేవేనండీ" అన్నారు. పేరు చెప్పలేని చోట కొనకండి.

మొక్కను నీళ్లలోంచి పైకి తీసి చూడండి. నీళ్లలోనే పెరిగిన ఆకు తడిగుడ్డలా వాలిపోతుంది. కాడ నిటారుగా నిలబడి, ఆకు మీద నీళ్లు నిలవకుండా జారిపోతే అనుమానించాలి. అయితే ఇక్కడో చిక్కుంది. క్రిప్టోకోరైన్, ఎకినోడోరస్ లాంటి అసలైన నీటిమొక్కల్ని కూడా తోటల్లో ఆకులు నీటిపైకి ఉండేలా పెంచుతుంటారు, అవీ బిరుసుగానే ఉంటాయి. తొట్టిలో పెట్టాక ఆ పాత ఆకులు కరిగిపోతాయి. పీకి పారేయకండి. మొదలు గట్టిగా ఉంటే మూడు నాలుగు వారాల్లో కొత్త ఆకు వేస్తుంది.

రెండో చోటు ఫరవాలేదు. మూడో చోట మఖానా (కలువ కుటుంబానికి చెందిన ముళ్ల నీటిమొక్క) గింజల్ని నాటడానికని కాగితం పొట్లంలో అమ్ముతున్నారు! ఆ గింజ ఎండిందంటే ఇక మొలవదు, నాటేదాకా నీళ్లలోనే ఉండాలి. తామర గింజ అలా కాదు. ఈశాన్య చైనాలో ఎండిన చెరువు అడుగున దొరికిన దాదాపు 1300 ఏళ్ల నాటి గింజ కూడా మొలిచింది. పెంకును మీగడ రంగు కనబడేదాకా ఆకురాయితో అరగదీసి, గోరువెచ్చని నీళ్లలో వేసి రోజూ నీళ్లు మారిస్తే వారం పది రోజుల్లో మొలక వస్తుంది.

ప్రయాణం మొత్తానికి విలువ తెచ్చింది నాలుగోదైన చెరువుల తోట. అక్కడి పెద్దాయన మడగాస్కర్ లేస్ మొక్కను చేతిలో పెట్టారు. ఆకంతా ఈనెల జల్లెడే. లేత ఆకు మామూలుగానే పుడుతుంది, ఎదిగేకొద్దీ ఈనెల మధ్య కణాలు చచ్చి కంతలు పడతాయి. నాతో వచ్చి, ముందు రోజంతా ముభావంగా ఉన్న మా అక్క ఆ ఆకును వెలుతురుకు పట్టి పది నిమిషాలు చూసింది. దుంపను పూర్తిగా పాతకూడదు, మొన ఇసుక పైకి కనబడాలి. నీళ్లు చల్లగా, కదులుతూ ఉండాలి. వెలుతురు ఎక్కువైతే పాచి పట్టి కంతలు మూసుకుపోతాయి. ఒక్కోసారి ఆకులన్నీ రాల్చి నిద్రకు పోతుంది, చచ్చిందనుకోవద్దు.

కట్టివ్వడంలోనూ ఆయనదే పద్ధతి. తడి కాగితంలో చుట్టి, సంచిలో గాలి నింపి, థర్మాకోల్ పెట్టెలో పెట్టారు. మొదటి దుకాణం నిండా నీళ్లు పోసిచ్చిన సంచిలో కుదుపులకు సగం ఆకులు నలిగిపోయాయి. బస చేసే గదిలో మొక్కల్ని ఉంచడానికి పెద్ద బకెట్ ఉందో లేదో ముందే అడగండి. మాకు దొరికింది ఒక్క మగ్గు.

ఇంటికి తెచ్చాక క్రిములు పోవడానికి లీటరు నీళ్లలో 10 మిల్లీగ్రాముల పొటాషియం పర్మాంగనేట్ (ఊదారంగు క్రిమిసంహారక మందు) కలిపి, మొక్కల్ని 10 నిమిషాలు ముంచి బాగా కడగాలి. లేస్ మొక్కను మాత్రం అందులో ముంచకండి, అంత సన్నని ఆకు నల్లబడే ప్రమాదం ఉంది.